ముక్కులో బరువు

జూన్ 14, ఆదివారం

ప్రియమైన వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. నీ కులాసా అన్నయ్య ఫోనులో చెబుతూనే ఉన్నాడు గానీ, అది నీతో మాట్లాడినట్టు ఉండదు. ఆరేళ్ళయింది వదినా. నేను ఎప్పుడు ఫోను చేసినా నువ్వు స్నానానికి వెళ్ళావంటాడు. ఇన్ని స్నానాలు చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు.

అసలు సంగతికి వస్తాను. మన బొమ్మ విమానాల క్లబ్బు కార్యదర్శి, అదే కళ్ళద్దాల షాపాయన, కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ కిట్టు ఒకటి నా చేతిలో పెట్టి, ఎలా ఉందో చూసి క్లబ్బు పత్రికకు రాయమన్నాడు. జెట్లు పుట్టిన కొత్తలో ఎగిరిన యుద్ధవిమానం, అసలుదానిలో నలభై ఎనిమిదో వంతు. మీ వదినగారు కూడా చూస్తే బాగుండేదని అన్నాడు. నేను వినబడనట్టు డబ్బా మూత తీశాను.

చూసినంతవరకు చెబుతాను. బూడిదరంగు ఫ్రేములు నాలుగు, వాటికి అంటుకుని ఉన్న ముక్కలు ఎనభై ఆరు. రేకుల అతుకుల గీతలు వెంట్రుకంత సన్నగా, ముచ్చటగా ఉన్నాయి. పైలట్ సీటుకు బెల్టులు లేవు. నువ్వైతే చాక్లెట్ కాగితం కత్తిరించి చేసేదానివి. చక్రాల గూళ్ళలో అచ్చు తాలూకు గుండ్రటి మచ్చలున్నాయి, ఆకురాయి పడితే పోతాయి. రెక్క ఒంటికి కలిసేచోట గోరు పట్టేంత సందు. ఇరవై ఏళ్ళుగా కట్టుడు పళ్ళ ల్యాబులో పనిచేస్తున్నదాన్ని, సందులు పూడ్చడం నాకొక లెక్క కాదు. కాక్‌పిట్ అద్దం దగ్గరే ఆగిపోయాను. అందులో సన్నటి అల ఉందో, నా కళ్ళే మసకబారాయో తేల్చుకోలేకపోయాను. దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి, పనికొస్తుందని నువ్వు అనాలి. నువ్వు అనందే నాకు నమ్మకం కుదరదు.

ఆ తర్వాత సూచనల కాగితం తీశాను. ముక్కులో పది గ్రాముల బరువు పెట్టకపోతే విమానం తోక మీద కూలబడుతుందని నాలుగో బొమ్మ కింద హెచ్చరిక. కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

నీకూ గుర్తుండే ఉంటుంది. మీరు వెళ్ళిపోయిన ఏటి క్లబ్బు ప్రదర్శనలో మనిద్దరం చేసిన జెట్టును బల్ల మీద పెట్టగానే, ముక్కు పైకెత్తి తోక మీద చతికిలబడింది. హాలంతా నవ్వింది. బరువు ఎవరు పెట్టాలని జడ్జి అడిగితే నేను నీ వైపు చూశాను. నువ్వు ఒక్క మాటే అన్నావు: "పెట్టాననే అనుకున్నానండీ." ఇంటికొచ్చి పనిముట్లన్నీ బిస్కెట్ డబ్బాలో సర్దేశావు. నీ చేతుల మీద నీకే నమ్మకం పోయిందని అన్నయ్యతో చెప్పావట. ఆ నెలలోనే అన్నయ్యకు బదిలీ అయింది. డబ్బా మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళావు.

మనం ముక్కలు పరిచి కూర్చుంటే, భోజనాల బల్ల మీద చోటు లేక అన్నయ్య కంచం ఒళ్ళో పెట్టుకుని తినేవాడు. ఇప్పుడు బల్లంతా ఖాళీయే. నాకు నువ్వు కావాలి వదినా. నీ గొణుగుడు కావాలి, జిగురు సీసాకు మూత పెట్టలేదని నువ్వు నన్ను తిట్టడం కావాలి. నెలాఖరుకల్లా పత్రికకు రాసివ్వాలి. మిగతా ముక్కలన్నీ అతికిస్తాను, ముక్కు మాత్రం తెరిచే ఉంచుతాను. ఒక్క ఆదివారం వచ్చి వెళ్ళు.

గుమ్మం వైపే చూస్తూ,
నీ ఆడపడుచు

తా.క.: ఉత్తరం మడిచినదాన్ని మళ్ళీ విప్పాను. నువ్వు మరిచిపోలేదు వదినా. మా ల్యాబు మైనంతో ఏడు సీసపు గుండ్లను ముక్కులో నువ్వే అతికించావు. ఎవరో వస్తే నువ్వు తలుపు తీయడానికి వెళ్ళావు. ముక్కు రెండు సగాలూ సరిగ్గా కలవడం లేదని నేను ఆ గుండ్లను పెకలించాను. సీటు వెనక పెడదామనుకుని, మరిచిపోయి మూసేశాను. జడ్జి అడిగినప్పుడే అవి నా సంచిలో ఉన్నాయని గుర్తొచ్చింది. అయినా నీ వైపే చూశాను. ఆ తర్వాత, చెప్పకపోవడానికి రోజుకో సాకు దొరికింది. ఆ ఏడు గుండ్లూ ఈ కవరులోనే ఉన్నాయి. మైనం మీద నీ బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు. కిటికీ వెలుతురుకు పెట్టి చూడు.