మూడో చక్రానికి దారి లేదు

మార్చి 3

మళ్లీ సైకిలు మీంచి పడ్డాను. ఈసారి ప్రెస్సు వాకిట్లోనే, అందరూ చూస్తుండగా. ఎడమకాలు చిన్నప్పటి నుంచీ సన్నమే. ఆ కాలితోనే నలభై ఏళ్లు సైకిలు తొక్కాను. ఇప్పుడు బ్యాలెన్సు నిలవడం లేదు. ఇకమీదట దిద్దాల్సిన ప్రూఫులు ఇంటికే పంపిస్తాం, మీరు శ్రమపడకండి మేడమ్ అన్నాడు మేనేజరు, ఎంతో దయగా. మనుషుల్ని ఇంట్లో పెట్టి తాళం వేసేది ఈ దయే! నెలాఖరులోగా నా అంతట నేనే వస్తానన్నాను. రాకపోతే ఇంట్లోంచే పనిచేయడానికి ఒప్పుకున్నట్టే.

మార్చి 9

మూడు చక్రాల సైకిలు వచ్చింది. అక్క చుట్టూ తిరిగి చూసి, ఐస్ ఎప్పట్నుంచి అమ్ముతావే అని అడిగింది. నవ్వాను. తర్వాత బాత్‌రూమ్‌లో ఏడ్చాను. వికలాంగుల హక్కుల మీద ఇన్ని వ్యాసాలు రాసినదాన్ని, ఎవరి కంటా పడకుండా వీధి దాటడమెలా అని ఆలోచిస్తున్నాను. సిగ్గుండాలి.

మార్చి 10

మొదటి మలుపులోనే గోడను గుద్దాను. మలుపొస్తే ఒళ్లు దానంతటదే వాలుతుంది, సైకిలు అలవాటు. ఇది వాలదు. మెకానిక్ తల పట్టుకున్నాడు. అమ్మా, ఇది పడదు, మీరే పడేస్తున్నారు, నిటారుగా కూర్చుని హ్యాండిల్ ఒక్కటే తిప్పండి అన్నాడు. ఈ వయసులో ఓనమాలు.

మార్చి 17

తిరగడం వచ్చింది. రేపు ప్రెస్సుకి.

మార్చి 18

వెళ్లలేదు. దారిలో కాలువ వంతెన మొదట్లో రెండు ఇనుప స్తంభాలు. మధ్యలోంచి మామూలు సైకిలు దూరుతుంది. నాది పట్టదు. బెత్తెడు తేడా! రెండో దారి లారీల రోడ్డు. అటు వెళ్లే ధైర్యం లేక వెనక్కి తిరిగాను.

మున్సిపల్ ఇంజనీరుకి ఫోన్ చేసి దులిపేశాను. బైకులు రాకుండా స్తంభాలు పాతమని పోరాడింది నేనే, కాదనను, ఇంత ఇరుకు మాత్రం మీ తెలివే అన్నాను. ఆయన నింపాదిగా ఫైలు తీశాడు. తను మొదట మీటరు సందు వదిలాడట. బైకులు దూరుతున్నాయని టేపు పట్టుకొచ్చి, దగ్గరికి జరిపించే దాకా ఊరుకోనిది నేనేనట. నా ఉత్తరం చదివి వినిపించాడు. సైకిలు పట్టేంత సందుంటే చాలు.

అవును. నా వాక్యమే.

మార్చి 20

నా ఉత్తరాన్ని ఖండిస్తూ నేనే ఇంకో ఉత్తరం రాసి ఇచ్చాను. ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి మేడమ్ అన్నాడు ఇంజనీరు. కమిటీ కూర్చోవాలట. మూడు నెలలట.

మార్చి 22

గడువు ఇంకా ఉంది. అయినా మేనేజరు ప్రూఫుల సంచీ పంపించేశాడు. అక్క దాన్ని నా టేబుల్ మీద పెట్టి, జోకు కూడా వేయకుండా వెళ్లిపోయింది. అక్కడే భయం పట్టుకుంది. ఇక ఎవరితో పోట్లాడతాను, ఈ నాలుగు గోడలతోనా?

మార్చి 23, ఉదయం 8:50

స్తంభాల మధ్య ముందు చక్రం దూర్చి, బ్రేకు వేసి, సీటు మీదే కూర్చుని రాస్తున్నాను. వెనక పదకొండు సైకిళ్లు. ఒక పెద్దాయన, ఇంకా ఎంతసేపు తల్లీ అని అడిగాడు. ఇంజనీరు వచ్చేదాకా అన్నాను.

పన్నెండు.