నా రాయి మీద మాట

చిల్లకల్లు,
జూన్ 10

అమ్మాయ్ ఫ్లోరెన్సూ,

నీ మేనమామ ప్రేమదాసు ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నా. మోకాళ్ళు బాగాలేవు, వాటి సంగతి అడక్కు.

పనేంటంటే, సమాధుల దొడ్లో మీ అత్త జీవరత్నం పక్కన నాకు జాగా ఉందిగా. నేను పోయాక నా రాయి మీద ఎవడేం చెక్కిస్తాడో నమ్మకం లేదు. అందుకని జగ్గయ్యపేటలో ఇప్పుడే చెక్కిస్తున్నా. పేరు అయిపోయింది. దాని కింద ఒక ఇంగ్లీషు మాట కావాలి. ఏలీయా రాయి మీద 'టీచర్' అని ఉంది. పిల్లల్ని కొట్టటం తప్ప వాడేం చేసాడు? నేను నలభై ఏళ్ళుగా చర్చి గంట కొడుతున్నా. జనం చర్చిలో మర్చిపోయిన గొడుగులన్నీ తెచ్చి మా వెనక గదిలో తాళమేసి భద్రంగా పెట్టా. అరవై మూడు! ఇట్టాంటోణ్ణి ఇంగ్లీషులో ఏమంటారో రాయి. ఇంగ్లీషు టీచరువేగా. ఫోన్లో చెప్పకు, చెక్కే అతనికి స్పెల్లింగు కాయితం మీద కావాలంట.

ఇట్లు, బతికే ఉన్న
మీ మావయ్య ప్రేమదాసు

తా.క.: తక్కువ మాట పంపకు. ఏలీయా పక్క వరసే నాది.

నందిగామ,
జూన్ 14

మావయ్యకి ఫ్లోరెన్స్ వందనాలు.

రాయి అనగానే గుండె ఆగినంత పనైంది. ఒంట్లో బాగానే ఉందిగా?

మాటలు మూడున్నాయి. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోటికి చేరిస్తే 'గేదర్'. పోగేసి, దాచేసి, పక్కవాళ్ళకి అందకుండా చేస్తే 'హోర్డ్'. ఇష్టపడి ఒకే రకం వస్తువులు ఏరి, వరసగా పెట్టి, నలుగురికీ చూపిస్తే 'కలెక్ట్'. నిజం చెప్పమంటే, తాళం వేసిన గదికి సరిపోయేది రెండోదే.

నీ మేనకోడలు,
ఫ్లోరెన్స్

తా.క.: ఈ మూడింటికీ తేడా చెప్పటానికి మా తొమ్మిదో తరగతిలో నీ గదినే ఉదాహరణగా వాడా. చివరి బెంచీకి కూడా అర్థమైంది.

చిల్లకల్లు,
జూన్ 19

అమ్మాయ్,

హోర్డ్ అన్నందుకు నీ ఉత్తరం రెండు రోజులు ముట్టుకోలా. అది ఎరువు బస్తాలు లోపల పెట్టుకుని లేవనేవాళ్ళ మాట. నేను ఒక్క గొడుగు అమ్మానా? తడుస్తూ వచ్చా గానీ ఒక్కటన్నా విప్పానా? అడిగితే ఇద్దామనే ఉన్నా, ఒక్కడూ అడగలా. గేదర్ కూడా వద్దు. కూలీలు మిరపకాయలేరి కల్లంలో పోసేది అదేగా, దానికి రాయెందుకు?

మూడోదే నాది. చూపించాలన్నావుగా, చూపిస్తా. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో తాడు కట్టి అరవై మూడూ వేలాడదీస్తున్నా. పాస్టరు బెన్నిగారు ప్రకటన చేస్తానన్నారు. స్పెల్లింగు పంపు.

కోపం తగ్గని
మీ మావయ్య

తా.క.: ఆ తొమ్మిదో తరగతిని కూడా తీసుకురా. టీచరమ్మ తప్పు చెప్పిందని కళ్ళారా చూసుకుంటారు.

నందిగామ,
జూన్ 22

మావయ్యా,

స్పెల్లింగు వేరే కాయితం మీద పెట్టా. నీ కాళ్ళు పట్టుకుంటా, గొడుగులు మాత్రం బయట పెట్టకు. మ్యూజియంలో వస్తువులకి సొంతదారులు ఎప్పుడో పోయారు. నీ గొడుగుల సొంతదారులు ముందు వరసలో కూర్చుని పాటలు పాడుతున్నారు.

కంగారులో,
ఫ్లోరెన్స్

తా.క.: ఒట్టి 'కలెక్టర్' అని చెక్కిస్తే ఈ జిల్లాని నువ్వే ఏలావనుకుంటారు. ముందు 'గొడుగుల' అని పెట్టించు.

చిల్లకల్లు,
జూలై 8

అమ్మాయ్,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. జరగాల్సింది ఆదివారమే అయిపోయింది.

జనం వచ్చారు, చూసారు, మెచ్చుకున్నారు. పది నిమిషాలు నేను ఏలీయా కంటే గొప్పోణ్ణి. ఇంతలో జయమణి "అయ్యో, ఇది మా ఆయన గొడుగే! పారేసుకొచ్చాడని నెల్లాళ్ళు అన్నం కూడా సరిగా పెట్టలా" అంటూ దింపుకుంది. ఇహ చూడు! సతీష్‌బాబు పట్టుకున్నదే డేవిడ్‌రాజూ పట్టుకున్నాడు. పిడి ఒకడికీ, గుడ్డ ఒకడికీ దక్కాయి. అరగంటలో తాడొక్కటే మిగిలింది. పైగా నన్ను పట్టుకుని "ఇన్నేళ్ళు దాచేసావా తాతా?" అని అడిగారు. మర్చిపోయినోడు మర్యాదస్తుడు, దాచిపెట్టినోడు దొంగ! నీ రెండో మాట స్పెల్లింగు తెలీకపోయినా, అర్థం మా ఊళ్ళో అందరికీ తెలుసు.

పదిహేను రోజులు ఎవరింటి గడపా తొక్కలా. గంట మాత్రం కొట్టా.

నిన్న ఆరాధనకి అందరూ వానలో వచ్చారు. ముగిసేసరికి ఎండ కాసింది. వాళ్ళు వెళ్ళాక తలుపులేద్దామని లోపలికి పోతే, గోడ వారగా పదిహేడు గొడుగులు. జయమణిది అన్నిటికంటే ముందుంది.

ఈసారి ఒక్కటీ ముట్టుకోలా. తలుపేసి వచ్చేసా.

నా పేరు కింద ఏమీ చెక్కొద్దని జగ్గయ్యపేట కబురు పంపా. నువ్వు ఇంకో మాట వెతుకు. చేతిలో ఉన్నప్పుడు గుర్తుండక, ఇంకొకడి దగ్గర కనపడగానే నాది నాదని మీదపడేవాళ్ళని ఇంగ్లీషులో ఏమంటారు? అది నాక్కాదు, వాళ్ళ రాళ్ళకి.

ఇట్లు,
ఉత్త ప్రేమదాసు

తా.క.: చెక్కే అతన్ని అడిగా. అందరికీ ఒకటే మాటైతే ఊరంతటికీ ఒక్కసారే చెక్కేస్తానన్నాడు.