పేపరు చాటున విన్నవి

నరసమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మధ్యాహ్నం మన గడప ముందు తల్లుల కూటం ఇంకా సాగుతూనే ఉంది. ఎవరి బిడ్డకు పళ్లొచ్చాయో, సీరియల్లో కోడలు ఎందుకేడ్చిందో, ఎమ్మిగనూరు చీర ఎన్ని ఉతుకులకు మెత్తబడుతుందో, అన్నీ తేలాల్సిందే. పక్కనే నేను, పేపరుతో. ఆదోని పత్తి ధర నాలుగు లైన్లుంటుంది. దాన్ని గంటసేపు చదవడానికి ఎంత నేర్పు కావాలనుకున్నావు!

నిన్న ఎదురింటి షబానా నెలల బిడ్డ కడుపుబ్బి గుక్కపట్టి ఏడ్చింది.

"నర్సమ్మవ్వ ఏదో ఆకు ఏస్తాండె. ఎట్లనో మతికి రాలేదు," అంది షబానా, తనకూ ఏడుపొస్తుంటే.

"తమలపాకుకు ఆముదం పూసి దీపం మీద వెచ్చజెయ్యి. ముందు నీ చెంపకు పెట్టి సూసుకో, ఆనక బిడ్డ పొట్టకు," అన్నాను, పేపరు దించకుండానే.

కూటమంతా నా వైపు తిరిగింది.

"ఓ తాతా! నువ్వు పేపరు సదువుతాండావనుకుంటిమి గదా!" అని ఒకటే నవ్వు.

కాసేపటికి బిడ్డ నిద్రపోయింది.

"నా మాట ఎప్పుడన్నా ఇంటివా?" అని నన్ను సాధించేదానివి. నలభై ఏళ్ల కాపురంలో ఒక్క మాటా పోనివ్వలేదు నరసమ్మా. వింటున్నానని మాత్రం నీకు చెప్పలేదు.