నిద్ర చుక్కలు

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ పిల్లా క్షేమంగానే ఉన్నాం. ఆ ముక్క ముందే రాయకపోతే మీరు ఉత్తరం పక్కన పడేసి ఫోను అందుకుంటారు. ఫోనులో మీ గొంతు వినగానే నేను చెప్పాల్సింది మింగేస్తాను. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. పిల్లకు దగ్గు తగ్గింది. వంటింటి గోడకు చెమ్మ తగ్గలేదు. మీ తమ్ముడి చొక్కాలు ఎవరికైనా ఇచ్చావా అన్నారు. ఇవ్వలేదు. ఇద్దామనే బీరువా తెరిచాను. పైనున్న చొక్కాకు మీరు తిరగేసి కుట్టిన కాలరు కనిపించింది. మళ్ళీ మడతపెట్టి అక్కడే పెట్టేశాను. ఆయన పోయి ఏడాది దాటినా సాయంత్రం లిఫ్టు చప్పుడైతే తలుపు వైపు చూస్తాను. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషికి మా బిల్డింగు లిఫ్టు దగ్గరికొచ్చేసరికి తీరిక ఉండేది కాదు. అది ఇప్పటికీ కీచుమంటూనే ఉంది.

ఇక నా కొత్త నవల సంగతి. మీరు చదివి పంపిన కట్ట అందింది. పైన "బాగుంది, అచ్చుకిచ్చెయ్" అని ఒక్క ముక్క రాశారు. అది చూసి నాకు భయం వేసింది వదినా.

నా మొదటి నవలకు మీరేం చేశారో గుర్తుందా? కుట్టుమిషను మీద పెట్టుకుని చదువుతూ, నిద్ర ముంచుకొచ్చిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టారు. మూడో అధ్యాయం ఒళ్ళంతా తట్టు పోసినట్టు చుక్కలే. పైగా, "అమ్మాయ్, ఈ పిల్లకి పదో పేజీలో గడ్డం మీద పుట్టుమచ్చన్నావు, నలభయ్యో పేజీకి చెంప మీదికొచ్చింది. మచ్చకేమన్నా కాళ్ళున్నాయా?" అన్నారు. మీ తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను రెండు రోజులు మీతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నోరు మూసుకుని ఆ అధ్యాయం తీసేశాను. ఆ నవల నిలబడిందంటే ఆ చుక్కల వల్లే. మెచ్చుకునేవాళ్ళు నలుగురు దొరుకుతారు. నిద్రొచ్చిందని మొహం మీదే చెప్పే మనిషి నాకు మీరొక్కరే.

ఈసారి కట్టంతా వెతికాను. చుక్కన్నది లేదు. అలా వెతుకుతుంటేనే బయటపడింది, ఆరో అధ్యాయం రెండుసార్లు ఉందని. అందులో ఒక వాక్యం మార్చి మళ్ళీ ప్రింటు తీశాను. పాతది తీసేయడం మరిచి రెండూ కట్టలో పెట్టేశాను. జెరాక్సులన్నీ దాన్నుంచే తీయించాను. ఎదురింటి టీచరమ్మ, "ఏడుపాపుకోలేకపోయానమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. లైబ్రేరియన్‌గారు, "ఒక్క అక్షరం కూడా మార్చకండి" అన్నారు. రెండో ఆరు గురించి ఇద్దరూ నోరెత్తలేదు. భర్త పోయిన మనిషి ఆ దుఃఖంలో రాసుకుంది కదా, తప్పు పట్టడానికి వాళ్ళకు మనసొప్పి ఉండదు. నా మొహం చూసి పుస్తకాన్ని మెచ్చుకున్నారు.

వాళ్ళను ఏమీ అనను. మీ మీద మాత్రం ఒళ్ళు మండింది. మీరు కూడా నన్ను చూసి జాలిపడితే ఇంక నేను ఎవరి దగ్గరికి పోవాలి? కడిగిపారేద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టింది. మీకు పంపే ముందు ఆ కట్టను మొదటి నుంచి చివరిదాకా దిద్దింది నేనే. నాకూ కనబడలేదు. ఆరో అధ్యాయం రాగానే "ఇది బాగానే ఉందిలే" అనుకుని ఆ కాగితాలన్నీ ఒక్కసారిగా తిప్పేశాను. అది ఆసుపత్రి గది. మీ తమ్ముడి ఆఖరి మధ్యాహ్నం. మీరెక్కడ ఆగిపోయారో ఇంక నేను అడగక్కర్లేదు.

పబ్లిషరు తొందరపెడుతున్నాడు. కాస్త ఆగమన్నాను. ఎందుకో అతనికి చెప్పలేదు, మీకు చెబుతాను.

నేను మార్చిన వాక్యం మీ తమ్ముడు చివరగా అన్న మాట. పాత కాగితంలో ఆయన "ఫ్యాను కాస్త తగ్గించు" అంటారు. కొత్తదానిలో "నువ్వు రాయడం మాత్రం మానొద్దు" అంటారు. టీచరమ్మ ఏడ్చింది దానికే. మార్చిన రోజున ఏది నిజమో నాకు తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు వదినా. రెండూ ఆయన గొంతులోనే వినిపిస్తున్నాయి. ఆ గొంతు కూడా రోజురోజుకూ నాకు అందకుండా పోతోంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి సిగ్గుగా ఉంది, భయంగా ఉంది.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది మనిద్దరమే. అందుకే రెండు ఆర్లూ మళ్ళీ పంపుతున్నాను, పెన్సిలు కూడా పెట్టాను. మీకు చదవడం ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. ఏడుపొచ్చిన చోట ఏ గుర్తూ పెట్టకండి. "మావాడు ఇలా అనడు" అనిపించిన చోట మాత్రం చుక్క పెట్టండి. ఇలాగే అచ్చయిపోతే పిల్ల అదే వాళ్ళ నాన్న మాట అనుకుంటుంది. కొన్నాళ్ళకు నేనూ అనుకుంటాను.

ఇట్లు,
మీ చుక్కల కోసం చూసే
మరదలు