పై మూడు వరుసల కోత

నవంబరు 19

అన్స్‌గర్,

నువ్వు అబద్ధం అచ్చు వేయించావు. "మా కొండ మీద యంత్రాలు లేవు, మా చేతులే ఉన్నాయి" అని ఆ హాంబుర్గ్ వైన్ వర్తకుడి సరుకుల పుస్తకంలో నీ ఫోటో కింద రాయించుకున్నావు. ఎవరి చేతులు? నీవా? నువ్వు కత్తెర పట్టి పద్దెనిమిదేళ్ళయింది. నావా? నాకున్నవి రెండే. మన కొండకి ఇరవై రెండు చేతులు కావాలి. మిగతా ఇరవయ్యీ ప్రతి సెప్టెంబరులో రుమేనియా నుంచి బస్సెక్కి వస్తాయి. వాటికి నీ ఫోటోలో చోటు చాలలేదు.

తిట్టడం అయింది కనక ఇక మర్యాద. ఇక్కడ నేనూ మీ బావ ఎక్‌హార్టూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, సిల్కే, పిల్లలూ బాగున్నారనుకుంటాను. కులాసా అంటే మంచం పట్టలేదని మాత్రమే. అంతకు మించి అర్థం తీసుకోకు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగావు. పొగమంచు బాగా పట్టిందా అన్నావు. పట్టింది. అక్టోబరు మొదటి మూడు వారాలూ పదింటిదాకా నది కనిపించలేదు, ఆ తర్వాత ఎండ. పై వరుసల్లో వైన్‌కి తీపి తెచ్చే మంచి బూజు ఎక్కి, పళ్ళు ఎండుద్రాక్షలా ముడుచుకుని తేనె రంగుకి తిరిగాయి. నీ వర్తకుడు వినాలనుకునేది ఇదే, చదివి వినిపించు. ఏడో పీపా ఎలా ఉందన్నావు. ఇంకా నెమ్మదిగా పులిసి పొంగుతోంది. మీ బావ రోజూ దానికి చెవి ఆనించి వింటాడు, డాక్టరులా తల ఊపుతాడు, నాకేమీ చెప్పడు. నేలమాళిగ తలుపు తీస్తే తెల్ల పీచ్ పండు వాసన మెట్ల మీదికి వస్తుంది. మామూలుగా ఆ వాసనకి నాకు ప్రాణం లేచొచ్చేది. ఈ ఏడు తలుపు వేసేస్తున్నాను. బావ నడుం ఎలా ఉందన్నావు. నిరుటి లాగే ఉంది, నిరుటి కంటే ఒక ఏడు ముసలిదైంది.

నాలుగోది: "వియోరికా ఈసారి నాకు తిట్టు పంపలేదేం?"

ప్రతి ఏడూ నీకు వచ్చే మొదటి వైన్ పెట్టె మీద, మన కోతవాళ్ళలో అందరికంటే పాతదైన ఆవిడ బొగ్గుతో రాసే తిట్టు గురించి అడుగుతున్నావు. ఈ ఉత్తరం రాస్తున్నది దాని కోసమే. పైన రాసిందంతా ఆ ప్రశ్న చుట్టూ తిరగడం.

నువ్వేమంటావో నాకు తెలుసు. కొండ మన వారసత్వం అంటావు, ఆ పలకరాయి నేల లేకపోతే మన రీస్లింగ్ ద్రాక్షకి ఆ వాసన రాదంటావు. నిజమే, రాదు. కానీ నిటారు కొండ అందం నదికి అవతలి ఒడ్డున కాఫీ తాగుతూ చూసేవాళ్ళది. ఎక్కేవాళ్ళకి అది మోకాళ్ళ అరుగుదల. పద్నాలుగేళ్ళుగా నేను పత్రికల్లో ఇదే రాస్తున్నాను: కోతకి వచ్చేవాళ్ళ పడకలు, వాళ్ళ స్నానపు గదులు, వాళ్ళకి వేరే బల్ల వేసి వడ్డించే మన పొరుగువాళ్ళ సంస్కారం. మన ఇంట్లో అందరిదీ ఒకే బల్ల. అందుకని నేను మంచిదాన్ననుకున్నాను.

అక్టోబరు ఇరవై నాలుగున పై మూడు వరుసలే మిగిలాయి, నాన్న నాటినవి. ముందురోజు నేను ఫోన్ చేస్తే నువ్వేమన్నావో గుర్తుందా? "వాన పడితే వదిలెయ్యి అక్కా, పోతే పోయాయి" అన్నావు. ఆ మాట దగ్గర వేలు పెట్టి ఉంచుకో.

తెల్లవారుజామున వాన పడింది. ఎనిమిదింటికి ఆగింది. వాన తర్వాత నాన్న ఏం చేసేవాడో నీకు చెప్పక్కర్లేదు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, పై వరుస మొదట్లో పలక మీద పరిచి, బూటుతో ఒకసారి తొక్కేవాడు. రుమాలు పొడిగా లేస్తే కోత, తడిగా లేస్తే అందరూ కిందికి. వాదన ఉండేది కాదు. నేనూ ఒకే పట్టా మీద కొండెక్కే ఆ చిన్న బండిలో పైకి వెళ్ళి పరిచాను. తొక్కాను. తడిగా లేచింది. పిండితే నీళ్ళు కారేటంత తడి.

మడిచి జేబులో పెట్టుకున్నాను.

వారమంతా వాన అని చెప్పారు. రెండు రోజులాగితే మంచి బూజు చెడ్డ బూజవుతుంది. ముప్పై ఏళ్ళుగా నేను తప్పులేని వైన్లు చేశాను. ఒక్కటైనా జనం తలుచుకునేది చేయలేదు. నాకది కావాలనిపించింది. నీ వర్తకుడికి కాదు, నాన్న పేరుకి కాదు. నాకు.

కింద మిగతావాళ్ళు బూట్లు కట్టుకుంటున్నారు. వియోరికా అప్పటికే పైకి వచ్చి, పెద్ద బకెట్ అంచుకి చిన్న బకెట్ తగిలించుకుని నిలబడి ఉంది, బూజు పట్టిన పళ్ళు అందులో విడిగా వేయడానికి. నన్ను చూసి నవ్వింది.

"ఏం దొరసానీ, కొండకి ఇంకా స్నానం అవలేదు. ఒళ్ళు తుడుచుకోనివ్వవా?"

"మా తమ్ముడు ఇవాళే కొయ్యాలని పట్టుబట్టాడు వియోరికా. వర్తకుడికి మాటిచ్చేశాడట."

"ఆ ఫోటో తమ్ముడేనా? వచ్చి కోసుకోమను. మెడలో ఆ గుడ్డ ఉందిగా, దాంతో తీగల స్తంభానికి కట్టేద్దాం, జారడు."

"నాకు మాత్రం సరదానా? ఏం చెయ్యను?"

ఆవిడ కింద ఉన్నవాళ్ళకి కేకేసింది: "మీరు రాకండి. ముందు నేను చూస్తాను. ఈ కొండకి నేను ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు."

మూడో స్తంభం దాటి నాలుగో దాని మీద చెయ్యి వేయబోయింది. కాలి కింద పలక పెచ్చులా లేచిపోయింది. నాలుగు వరుసలు జారింది, అన్స్‌గర్. తీగల్లోంచి. ఒక స్తంభం అడ్డుపడి ఆగింది. నేను దిగి వెళ్ళేసరికి ముఖం సున్నంలా ఉంది, ఇంకా ఖాళీగానే ఉన్న చిన్న బకెట్ గుండెకి హత్తుకుని ఉంది. "ఒక్క పండు కూడా ఒలకలేదు చూసుకో" అంది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది.

తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. కర్రతో నడుస్తుంది, కొండ మాత్రం ఇక ఎక్కదని డాక్టరు చెప్పాడు. రోజు మార్చి రోజు ఆసుపత్రికి వెళ్తున్నాను. వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది: "మీ తమ్ముడు ఏమన్నాడు? ఒక్కసారైనా ఫోన్ చేశాడా?" పోయినసారి ఇంకా గట్టిగా అంది: "వాడు నా కళ్ళబడితే ఈ కర్ర ఊరికే ఉండదు. నువ్వు మంచిదానివి కాబట్టి సరిపోయింది." నేను ఆవిడ దిండు సర్దాను. నీ మీద పడ్డ ఆ మాటని నాలుగు వారాలుగా నీ మీదే ఉండనిచ్చాను.

ఇక మిగిలింది చెప్పేస్తాను. ప్రమాద నివేదిక నేనే రాశాను: "విశ్రాంతి సమయంలో, ఎవరూ చెప్పకుండా, తనంతట తానే పైకి ఎక్కింది." పని మీద ఉండగా పడలేదని తేలితే ఆవిడ వైద్యానికీ, రేపటి బతుకుకీ ఎవరూ పూచీ పడరు. అది తెలిసే రాశాను. యజమానులిద్దరి సంతకాలూ కావాలి కనక నీకు పంపాను. నువ్వు మర్నాడే సంతకం పెట్టి తిప్పి పంపావు. చదవలేదు. చదవవని నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే రాశాను. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పన్న వాదన ఇంకో ఉత్తరంలో పెట్టుకుందాం, ఇప్పుడు ఓపిక లేదు.

నకలు మీ బావకి మొన్న బల్ల మీద దొరికింది. చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇది రాసింది నువ్వేనా? పత్రికలకి రాసే రోస్వితాయేనా?"

"నేనే."

"వాక్యం బాగా కుదిరింది" అన్నాడు. అప్పటినుంచి అన్నం తింటాడు, పనికి వెళ్తాడు, నాతో మాట్లాడడు. పీపాలతో మాట్లాడుతున్నాడు.

ఆ మూడు వరుసలూ ఎవరమూ కోయలేదు. పిట్టలు తింటున్నాయి.

నిన్న కూర్చుని రెండో నివేదిక రాశాను. రుమాలు సంగతి అందులో ఉంది, తమ్ముడి పేరు వాడుకున్న సంగతీ ఉంది. ఆదివారం ఆసుపత్రికి వెళ్ళి, పంపే ముందు వియోరికాకి చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఆవిడ మన బల్ల దగ్గర కూర్చుంటుందో లేదో నాకు తెలియదు. నీ నుంచి నాకు కావలసినవి ఇవి:

1. కవరులో రెండో నివేదిక ఉంది. ఈసారి చదువు. చదివాక సంతకం పెట్టి శనివారం లోపు నాకు చేరేట్టు పంపు.

2. దాన్ని మెత్తబరచమని ఫోన్ చేయకు. వకీలుని అడుగుతానని అనకు.

3. ఆదివారం దాటేదాకా వియోరికాకి నువ్వేమీ చెప్పకు. చెప్పాల్సింది నేను.

4. ఆ పుస్తకంలోంచి "మా చేతులు" అన్న పేజీ తీయించు.

5. పై మూడు వరుసలూ పీకేయడానికి ఒప్పుకో. నాన్న నాటాడని అనకు. రుమాలు పరిచిందీ నాన్నే.

6. జనవరిలో రా. ఆవిడ కర్ర ఎత్తితే ఎత్తనివ్వు, నువ్వు తప్పుకో, దెబ్బ నాది.

7. నన్ను క్షమించానని రాయకు. సంతకం పంపు, చాలు.

ఇట్లు,
నీ పేరు వాడుకున్న మీ అక్క
రోస్వితా