లామినేషన్ చేయించిన రిపోర్టు

నన్ను కాజాలమ్మ అంటారు. చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ నా సొంత పేరు ఎవరి నోట్లోనూ మిగల్లేదు. వయసు డెబ్బైకి కాస్త ఇటు. ఉండేది టైలరు కొట్టు వెనక గదిలో. నాతోపాటు నా కోడలు, దాని కడుపులో అయిదో నెల బిడ్డ. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే టైలరు రాస్తున్నాడు. చెప్పిన మాట చెప్పినట్టే రాస్తానని అతని చేత కత్తెర మీద ఒట్టు వేయించుకున్నాను.

చిరంజీవి అబ్బాయికి అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ అందరం క్షేమమని మొదట చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను. ఆ క్షేమంలో నీ చెయ్యి ఏమాత్రం లేదని కిందికి చదివితే తెలుస్తుంది. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. నాకు కోపం వచ్చేసరికి నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు.

నీ ఉత్తరం అందింది. అందులో పెట్టిన రిపోర్టూ అందింది. దానికి లామినేషన్ చేయించావు. తడవకుండా, నలగకుండా, మేకు కొట్టి గోడకి తగిలించుకునేలా. నీ పదో తరగతి సర్టిఫికెట్‌ని ఎలుకలు కొరికినా తిరిగి చూడనివాడివి, ఈ కాగితానికి మాత్రం పట్టుచీరకి తొడిగినట్టు కవరు తొడిగావు. మీ పెదనాన్నకి కూడా ఒకటి పంపావు. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, "మావాడు నెగటివ్. ఆ పిల్లే పాజిటివ్" అని చాటింపు వేసి వచ్చాడు.

నువ్వడిగిన వాటికి జవాబులు. కోడల్ని పుట్టింటికి పంపేశావా అని అడిగావు. పంపలేదు, పంపను. ఇప్పుడు నా పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది. ఆ బిడ్డ ఎవరిదో కనుక్కోమన్నావు. ఆ మాట నీ చేత్తో రాశావు. రాశాక చింపెయ్యాలని కూడా అనిపించలేదు నీకు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉమ్మి ఉంది. నీ రిపోర్టు డాక్టరుకి చూపించానా అని అడిగావు. చూపించాను నాయనా. అది చెబుతాను విను.

కడుపుతో ఉన్నవాళ్ళందరికీ చేసే రక్తపరీక్షలోనే కోడలికి సిఫిలిస్ ఉందని తేలింది. ఇక్కడ టైలరు కలం ఆపాడు. "ఆ పేరు ఎందుకు పిన్నిగారూ, సుస్తీ అని రాద్దాం" అన్నాడు.

"సుస్తీ అంటే వాడు ఓ కునుకు తీస్తే పోతుందనుకుంటాడు. పేరు రాయి" అన్నాను. రాశాడు, చెవులు ఎర్రబడ్డాయి పాపం.

నీ రిపోర్టుని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమిటిదమ్మా?"

"మావాడికి రోగం లేదనడానికి రుజువు."

"ఏ రోగం లేదని?"

"అన్నీ అనుకున్నాను."

"ఇందులో ఉన్నది హెచ్.ఐ.వి. పరీక్ష ఒక్కటే. సిఫిలిస్‌కి అసలు పరీక్షే చెయ్యలేదు. చెయ్యని పరీక్షకి నెగటివ్ ఎలా వస్తుంది? పైగా ఇది నిరుడు ఉద్యోగంలో చేరేటప్పుడు తీసిన రక్తం."

విన్నావా. కళ్ళు బాగా కనిపిస్తున్నాయని రాసిచ్చిన కాగితం చూపించి, నా పళ్ళు పుచ్చలేదు చూసుకోండి అన్నట్టుంది నీ వ్యవహారం. నిరుడు తీసిన రక్తానికి ఆ తర్వాత నువ్వు తిరిగిన తిరుగుళ్ళు ఎలా తెలుస్తాయిరా? రేవులో క్రేను ఎక్కి కూర్చుంటావు కదా, పెట్టె మీద ఏం రాసి ఉందో చూడకుండానే దించుతావా? లేక చూసే దించావా, మేం చదవలేమని?

పోయినసారి వచ్చినప్పుడు క్రేను సీటు ఒరుసుకుని పుండు పడిందని తలుపేసుకుని మందు రాసుకున్నావు. నొప్పే లేదు, దానంతటదే మానిపోతోందని కోడలి దగ్గర గొప్పలు పోయావట. ఆ మాట విని డాక్టరమ్మ తల పంకించింది. ఈ రోగపు పుండు చాలామందికి నొప్పి పెట్టదట, వైద్యం లేకపోయినా మానుతుందట. రోగం మాత్రం లోపల హాయిగా కాపురం ఉంటుందట.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పరీక్ష చెప్పదమ్మా. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వైద్యం చేయించుకోవాలి. ఒక్కరే చేయించుకుంటే రెండోవాళ్ళ నుంచి మళ్ళీ అంటుకుంటుంది" అంది ఆవిడ.

రోగం వచ్చిందని నిన్ను అసహ్యించుకోవడం లేదు. రోగం ఎవరికైనా వస్తుంది, దీనికి మందుంది. కోడలికి పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టారు కూడా. వేళకి తెలిసింది కాబట్టి బిడ్డకి ముప్పు చాలావరకు తప్పినట్టేనట. దాని గుండె చప్పుడు నాకూ వినిపించారు. నేను అసహ్యించుకునేది నీ లామినేషన్‌ని.

ఇంతవరకూ చెప్పడం తేలికే. ఇక చెప్పబోయేది నీకు చెప్పకూడదనే అనుకున్నాను.

కోడలికి రెండోసారి రక్తం కావాలన్నప్పుడు ఆ పిల్ల వణికిపోయింది. "ఇదేమంత పని, చూడు" అని ముందు నా చెయ్యి చాపాను. నేనిచ్చింది తోడు కోసం ఇచ్చిన రక్తం. నాకూ పాజిటివ్ వచ్చింది.

డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి ఆ సంగతి చెబితే నవ్వాను. "మొగుడు పోయి పుష్కరం అయింది తల్లీ, మీ మిషను బాగు చేయించుకోండి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఈ రోగానికి పరీక్షలు రెండు రకాలట. ఒకటి, ఒంట్లోకి రోగం ఎప్పుడైనా వచ్చిందా అని చూసేది. నయమైపోయినా అది చాలామందికి జన్మంతా పాజిటివ్ అనే చూపిస్తుంది. రెండోది, ఇప్పుడు ఎంత ఉందో చూసేది. వైద్యం జరిగాక అందులో అంకె తగ్గుతుంది. నా మొదటిది పాజిటివ్, రెండోది ఖాళీ.

"కుట్టు విప్పేసినా గుడ్డ మీద సూది పోట్లు కనపడతాయి. అలాంటిదా?"

"అలాంటిదే. మీకు ఎప్పుడో వచ్చింది, ఎప్పుడో వైద్యం జరిగింది. గుర్తు లేదా?"

నాకెవరు చేశారమ్మా వైద్యం అనబోయి ఆగిపోయాను.

నీకు ముందు ఇద్దరు పోయారని నీకు తెలుసు. ఒకడు నెలలు నిండకుండా, ఒకతి పుట్టి ఏడవకుండా. నా కడుపు మంచిది కాదన్నారు అందరూ. నేనూ నమ్మాను. ఆ తర్వాత మీ పెదనాన్న ఒక కాంపౌండరుని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల నీరసించింది, బలానికి సూదులు అన్నాడు. తుంటిలో పొడిస్తే రెండు రోజులు కాలు ఈడ్చుకుంటూ నడిచాను. మీ నాన్న గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తున్నాడు, నా వైపు కాదు. అయినా నాకేం తోచలేదు. మరుసటి ఏడు నువ్వు పుట్టావు, కేరుమన్నావు, బతికావు.

మీ పెదనాన్నని కొట్టుకి పిలిపించాను. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నీ రిపోర్టూ నా రిపోర్టూ కత్తిరింపు బల్ల మీద పెట్టి, టైలరు చేత రెండూ పైకి చదివించాను. నీది చదువుతున్నంతసేపూ ఆయన మీసం దువ్వుకున్నాడు. నాది మొదలయ్యేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆ సూదులు బలానికేనా బావగారూ?" అన్నాను.

ఆయన నేల మీద పడిన గుడ్డపేలికల్ని కాలితో పక్కకి నెట్టాడు. "నీకు చెబితే మాత్రం నువ్వేం చేసేదానివమ్మాయ్?" అన్నాడు.

"నా పిల్లలు నా వల్ల పోలేదని తెలుసుకునేదాన్ని."

ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, "మావాడి రిపోర్టు చెప్పిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి నాది కూడా చెప్పి రండి. ఈ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే కాదు, ముసల్దీ పాజిటివే అని చెప్పండి" అన్నాను. వెళ్ళలేదులే. అందుకని నేనే చెప్పాను. కాజాలు కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి కొట్టులోనూ చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వారు. ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం పక్కకి పిలిచి, ఆ డాక్టరమ్మ ఎన్నింటికి వస్తుందని అడిగారు.

ఇక నీ సంగతి. అక్కడ ఏ ఆస్పత్రికైనా వెళ్ళు. ఈ రోగం పేరు నీ నోటితో చెప్పి, నా భార్యకి వచ్చింది, నాకూ పరీక్ష చేసి వైద్యం చెయ్యండి అని అడుగు. మీ నాన్న నాకు చేసినట్టు చాటుగా కాదు. నీ పెళ్ళాం తెలుసుకునేలా, దాని మొహంలోకి చూసి చెప్పుకునేలా. సూది వేయించుకుని, డాక్టరు ఇక పరవాలేదన్నాక రా. నిన్ను క్షమించమని దానికి నేను చెప్పను, వద్దనీ చెప్పను. అది దాని ఇష్టం.

వేయించుకోనంటావా, అక్కడే ఉండు. తండ్రి లేకుండా బిడ్డని ఎలా పెంచాలా అని నేను బెంగపడతాననుకోకు. నీ తండ్రి ఇంట్లో ఉండగానే నిన్నలా పెంచాను.

ఇట్లు
నిన్ను కన్న అమ్మ
కాజాలమ్మ, ఎడమచేతి వేలిముద్ర

సాక్షులు: టైలరు, రాసినవాడు.
కోడలు, అంతా విని తన సంతకం తానే చేసింది.
పెదనాన్న, మళ్ళీ పిలిపించి చదివి వినిపించాక సంతకం పెట్టారు.