రెండు ఎడమ తలుపుల కారు

లాంకషైర్ జిల్లా, రామ్స్‌బాటమ్ ఊరు, కిల్న్ వీధి, పదిహేడో నంబరు ఇంట్లో ఉంటున్న, కీ.శే. క్లిఫర్డ్ రోత్వెల్ భార్యనైన ఆల్మా రోత్వెల్ అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, బడి వంటగదిలో పనిచేసి రిటైరైనదాన్ని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాయించుకున్న ఆఖరి వీలునామా. తెలివి సంగతి డాక్టరు విడిగా కాగితం రాసిచ్చాడు. ఇరవై ఏళ్ళు గేర్‌బాక్సును భోజనాల బల్ల కింద పెట్టుకుని తిన్న మనిషికి తెలివేమిటని మా మరిది రేమండ్ అడుగుతాడు. అడిగితే ఆ కాగితం చూపించండి.

మార్చి పదకొండున నా గుండెకి ఆపరేషన్. డాక్టరు భయం లేదంటున్నాడు. భయం లేనప్పుడు అన్ని కాగితాల మీద సంతకాలెందుకో నాకు అర్థం కాలేదు. అందుకని ఈ కాగితం కూడా రాసేస్తున్నాను.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. 1998 మోటార్ షోలో, వానకి టెంటు కింద కూర్చుని, ప్రోగ్రాం కాగితం వెనక నేను సరదాకి రాసినది కూడా రద్దే. అందులో నా ఇల్లు సాసేజీ రొట్టెలమ్మే అతనికి రాసేశాను. ఆ రోజు ఆకలి అలాంటిది.

2. ఈ వీలునామా అమలు జరపడానికి మా అన్నయ్య కూతురు హేజెల్‌నీ, లాప్‌వింగ్ కార్ల యజమానుల క్లబ్బు కార్యదర్శి డెస్మండ్ ఆర్మరాడ్‌నీ నియమిస్తున్నాను. డెస్మండ్ మంచివాడు. కాకపోతే నోరు తెరిస్తే మినిట్స్ పుస్తకం చదివినట్టుంటుంది. హేజెల్, అతను "మొదటి అంశం" అనగానే నువ్వు టీ పెట్టడానికి లే. నువ్వు తిరిగొచ్చేసరికి ఇంకా మొదటి అంశమే నడుస్తుంటుంది.

3. నా ఇల్లు, దాని వెనక గ్యారేజీ, నా తదనంతరం సర్వహక్కులతో హేజెల్‌కి చెందుతాయి. "అత్తా, ఈ గ్యారేజీ నేల మీద మరక వదలదా?" అని నువ్వు ఎన్నోసార్లు అడిగావు. వదలదు. అది మీ మావయ్య ఆఖరిసారి ఇంజను దింపినప్పటిది. దాని మీద బట్టలు ఉతికే మిషను పెట్టుకో, ఏమైనా పెట్టుకో, పైన సిమెంటు మాత్రం పోయించకు.

4. మా మరిది రేమండ్‌కి: గ్యారేజీ రెండో అరలో బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఎనిమిది బోల్టులున్నాయి. కారు పూర్తిగా కట్టాక అవి మిగిలిపోయాయి. ఎక్కడివో ఈనాటికీ తెలియలేదు. కారు మాత్రం నడుస్తూనే ఉంది. రేమండ్, 1983లో మేమిద్దరం ఊళ్ళో లేనప్పుడు మా కారు చట్రాన్ని పాతసామాన్ల వాడికి అమ్మబోయావు. "ఆ ప్లాస్టిక్ పడవ ఏనాటికి కదుల్తుంది వదినా?" అన్నావు. అన్నీ తెలిసినవాడివి కదా, ఈ ఎనిమిదీ ఎక్కడివో కూర్చుని తేల్చు. నీకు తీరిక ఎక్కువే.

5. బడి వంటగదిలో నాతో పనిచేసిన మార్జరీకి నా పెద్ద గరిటె. కారు బాడీకి పూసే రెజిన్ జిగురు కలపడం నేర్పమని ఫైబర్‌గ్లాసు కుర్రాళ్ళని అడిగితే నవ్విపోయారు. నాలుగువందల మంది పిల్లలకి ఉండ కట్టకుండా కస్టర్డ్ కలిపినదానికి రెజిన్ ఓ లెక్కా? మార్జరీ, గరిటె శుభ్రంగా కడిగాను. అయినా తిండికి వాడకు.

6. లాప్‌వింగ్ క్లబ్బుకి: టెంటు (ఒక కాలు వంకర), టీ కాచే పెద్ద డ్రమ్ము, జెండాల తోరణం, మడత కుర్చీలు పదకొండు. అల్లం కేకు చేసే పద్ధతి డ్రమ్ము మూత లోపల అంటించాను. యార్క్‌షైర్ వాళ్ళు తమదే అసలు పద్ధతి అంటారు. అననివ్వండి.

క్లబ్బు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే ఏడో నిబంధన ఎవరికీ అర్థం కాదు. లాప్‌వింగ్ అంటే కొట్లో కొనుక్కుని ఇంటికి నడుపుకొచ్చే కారు కాదు. పెట్టెల్లో ముక్కలుగా వస్తుంది. పాత మోరిస్ మైనర్ కారు ఒకటి చూసుకుని, దాని ఇంజనూ చక్రాలూ దీనికి పెట్టుకుని మనమే కట్టుకోవాలి. క్లిఫర్డ్ 1976లో తెప్పించాడు. పెట్టెలు విప్పి చూస్తే తలుపులు రెండూ ఎడమవైపువే. కోళ్ళ షెడ్డులో కార్లు చేసే ఇద్దరన్నదమ్ముల కంపెనీ అది. మేము ఉత్తరం రాసేసరికి షెడ్డులో మళ్ళీ కోళ్ళే ఉన్నాయి.

క్లిఫర్డ్ మోటారు పత్రికలో ప్రకటన వేశాడు: రెండు ఎడమ తలుపులున్నాయి, రెండు కుడి తలుపులున్నవాళ్ళెవరైనా ఉన్నారా అని. కొండకి అవతల, యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ నుంచి కార్డు వచ్చింది. "ఉన్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారు?" అని ఒకటే ముక్క. కింద గోర్డన్ షిలిటో అని సంతకం. కొండ మీద, రెండు జిల్లాల సరిహద్దులో ఉన్న టీ బండి దగ్గర కలుసుకున్నాం. మేము ఆకుపచ్చ తలుపు దుప్పట్లో చుట్టి తెచ్చాం, వాళ్ళు మీగడరంగుది తెచ్చారు. గోర్డన్ భార్య డిలిస్ ఆ దుప్పటి విప్పి చూసి, "పిల్లని మార్చుకుంటున్నట్టుంది, ఏడవడం లేదు అంతే" అంది. తలుపులు మార్చుకుని, టీ తాగి వచ్చేశాం. పత్రిక చూసినవాళ్ళు ఇంకా తొమ్మిదిమంది రాశారు. మా క్లబ్బు అలా మొదలైంది.

గోర్డన్ రెండేళ్ళలో కట్టేశాడు. మాది పదిహేనేళ్ళైనా కాలేదు. 1991లో క్లిఫర్డ్ పోయాడు, కారు ముప్పాతిక వంతు మీద ఆగింది. మిగతాది నేను ఐదేళ్ళకి కట్టాను. బ్రేకులు బిగించడం నేర్పడానికి గోర్డన్ ప్రతి శనివారం కొండ దాటి వచ్చేవాడు. పెట్రోలు ఖర్చు ఇస్తానంటే, "కేకు పెట్టు చాలు. మీ లాంకషైర్ కేకైనా సర్దుకుంటాను" అనేవాడు.

ఇక ఇప్పటి చిక్కు. మే నెల మోటార్ షోలో క్లబ్బుకి విడిగా చోటు ఇవ్వాలంటే నడిచే కార్లు ఆరు ఉండాలి. లేదంటే పోయి మామూలు పార్కింగులో నిలబడాలి. నాతో కలిపి మాకు నడిచేవి ఐదు. పోయినేడు డెస్మండ్ సగం కట్టిన తన కారుని ఆరోదిగా నెట్టించుకొచ్చాడు. ఇంజను ఏదని షో మనిషి అడిగితే, "సర్వీసుకి వెళ్ళిందండీ" అన్నాడు. ఈ ఏడు ఉత్తరం వచ్చింది: ఆరూ నడవాలి, ఒక్కటి తగ్గినా మన చోటు తోటల్లో పెట్టుకునే గడ్డం మరుగుజ్జు బొమ్మలమ్మేవాళ్ళకి ఇచ్చేస్తారట. నలభై ఏడేళ్ళ క్లబ్బు పోయి గడ్డం మరుగుజ్జుల పాలవడం నాకు ఇష్టం లేదు.

7. నా లాప్‌వింగ్ కారుని, తాళాలు, పత్రాలు, టూల్స్ పెట్టె సహా, హాలిఫాక్స్ నివాసి గోర్డన్ షిలిటోకి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. నీది మీ అమ్మాయికిచ్చి నాది నువ్వు నడిపితే, గోర్డన్, మళ్ళీ ఆరౌతాయి.

పదేళ్ళుగా మాటల్లేని మనిషికి ఎందుకు ఇస్తున్నానో కూడా రాయాలి. లాయరు మిస్ టెంపెస్ట్ "అవసరం లేదండీ" అంది. అవసరం నాది.

2014 షోలో న్యాయనిర్ణేత నా కారు చుట్టూ తిరిగి, "ఇదంతా మీరే కట్టారా అమ్మా?" అన్నాడు. మావాళ్ళకి దీన్ని మించిన మెప్పు లేదు. "ప్రతి మరా నేనూ మా ఆయనా బిగించిందే" అన్నాను. పక్కనే ఉన్న గోర్డన్ నవ్వుతూ, "కుడి తలుపు తప్ప" అన్నాడు. అందరూ నవ్వారు. అది నిజం, పైగా వేళాకోళం. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మా క్లబ్బులో కారు తన చక్రాల మీద తాను రావాలి. ట్రైలర్ మీద ఎక్కించి తెచ్చిన కారుని పల్లకీ పెళ్ళికూతురు అంటాం. అంతకంటే తిట్టు లేదు. ఆ పొద్దున దారిలో, పెట్రోలు బంకు వెనక గోర్డన్ తన కారుని ట్రైలర్ మీంచి దింపుతుంటే నేను చూశాను. చూసి ఊరుకున్నదాన్ని, అప్పుడు పదిమందిలో అనేశాను: "నువ్వు నోరెత్తకు గోర్డన్! నీ పెళ్ళికూతురు పల్లకీ దిగిందెక్కడో నాకు తెలుసు."

అతను కోటు నుంచి క్లబ్బు బిళ్ళ తీసి నా కారు బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. డెస్మండ్ దాన్ని మినిట్స్‌లో రాసుకున్నాడు. నాకు బహుమతి కప్పు వచ్చింది.

నవంబరులో డిలిస్ పోయింది. అప్పుడు తెలిసింది. ఆమెకి ఎముకల్లో కేన్సర్. లాప్‌వింగ్‌లో కూర్చుంటే ఎడ్లబండి నయం, ప్రతి గుంతా వెన్నులో తెలుస్తుంది. ఆమె ఆఖరిసారి షో చూస్తానంది. అందుకని గోర్డన్ తన బావమరిది పెద్ద కారు అడిగి తెచ్చి, వెనక సీట్లో దిళ్ళేసి ఆమెని పడుకోబెట్టి, లాప్‌వింగ్‌ని ట్రైలర్ మీద లాక్కొచ్చాడు. నేను ఆ మాట అన్నప్పుడు ఆమె ఇరవై గజాల్లో, అద్దం దించిన కారులో ఉంది.

చచ్చిపోయిన స్నేహితురాలి ఇంటికి సంతాపం కార్డు పంపాను. అంత్యక్రియలకి వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు. తప్పు నాది, పూర్తిగా నాది, గోర్డన్. డిలిస్ దగ్గర చెప్పుకోలేకపోయాను. నీ దగ్గర చెప్పడానికి పదేళ్ళు పట్టింది, అదీ లాయరు చేత టైపు కొట్టించి. నీ బిళ్ళ టూల్స్ పెట్టెలో ఉంది. ఏటా తుడిచి పెట్టాను. కప్పు కూడా నీకే. అది ఇన్నాళ్ళూ మెట్ల కింద అరలోనే ఉంది.

8. గోర్డన్ ఈ కారు తీసుకోకపోతేనో, తీసుకునే వీలు లేకపోతేనో, అది హేజెల్‌కి చెందుతుంది. ఏడాదికొకసారి దాన్ని షోకి నడపాలి. ట్రైలర్ సంగతి నీ అవసరం, నీ ఇష్టం. ఎవరూ అడగకూడదని క్లబ్బుకి ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

సంతకానికి ముందు నా చేత్తో చేర్చినది:

ఏడో నిబంధన నకలు రెండువారాల క్రితం గోర్డన్‌కి పోస్టు చేశాను, తీసుకుంటావా అని. జవాబు రాలేదు. ఈ పొద్దున సంతకాలకి మిస్ టెంపెస్ట్ వచ్చింది. సాక్షులుగా పక్కింటి ఐవర్ హాల్‌స్టెడ్, ఎదురింటి మిసెస్ కోలింజ్ కూర్చున్నారు. అంతలో వీధిలో లాప్‌వింగ్ చప్పుడు. ఆ చప్పుడు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. గోర్డన్ లోపలికొచ్చి టోపీ తీయకుండానే అన్నాడు, "నీ కారు నాకెందుకే ఆల్మా? నా కారే వానకి కారుతోంది. ఇంకోటి తెచ్చుకుని రెండు బకెట్లు పెట్టుకోనా?"

అప్పటికి మిస్ టెంపెస్ట్ సాక్షులకి చెప్పే మాట చెబుతోంది: సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి ఈ వీలునామా కింద ఏదీ చెందదు, రాసినా ఆ నిబంధన చెల్లదు అని.

"ఏదీ చెందదా?" అన్నాడు గోర్డన్.

"చెందదండీ, చట్టం."

"అయితే ఆ కలం ఇటివ్వు తల్లీ. మిసెస్ కోలింజ్, మీరు కాస్త లేవండి."

"మతి పోయిందా? నా ఏడో నిబంధన చచ్చిపోతుంది" అని అరిచాను.

"చావనీ. నువ్వు చావకు. ఆపరేషన్ చేయించుకుని, మే నెలలో నీ కారు నువ్వే నడుపుకురా. ఆరోది నేను తెస్తా." టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "అందులో డిలిస్ గురించి రాసిందుందే, అది మాత్రం కొట్టేయకు. అది నాకు కావాలి."

కొట్టేయలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, మిసెస్ కోలింజ్ పేరు ఒక్కటే కొట్టేసి, ఇది నా ఆఖరి వీలునామా అని అందరి ఎదుట సంతకం చేస్తున్నాను.

2024 ఫిబ్రవరి 24, శనివారం, రామ్స్‌బాటమ్.

(సంతకం) ఆల్మా రోత్వెల్

పై సంతకం మా ఇద్దరి ఎదుట చేసినది. ఆమె ఎదుట మేమూ సంతకాలు చేశాం.

సాక్షి 1: ఐవర్ హాల్‌స్టెడ్, రిటైర్డ్ పోస్ట్‌మాన్, కిల్న్ వీధి, రామ్స్‌బాటమ్.

సాక్షి 2: గోర్డన్ షిలిటో, రిటైర్డ్ మగ్గాల మెకానిక్, హాలిఫాక్స్. నాకు రావలసింది ముట్టింది.